తంబాకు డబ్బీలో రెండు రంగులు

మా బాపు చొక్కా ఉతుకుదామని జేబులో చెయ్యి పెడితే తంబాకు డబ్బీ తగిలింది. నోటి క్యాన్సర్‌కి దవడ కోయించుకుని, నెలన్నర రేడియేషన్ కరెంటు పెట్టించుకుని ఏడాది కూడా కాలేదు. బాపు మళ్లీ మొదలుపెట్టాడా!

బాపు యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేస్తాడు. తార్నాకలో మా ఇంటి నుంచి క్యాంపస్‌కి ఎలా వెళ్లానో నాకే తెలియదు. బాపు మెస్సు వెనక నిలబడి, వేసుకున్న చొక్కా జేబులు తడుముకుంటున్నాడు.

“దీనికోసమేనా దేవులాడుతున్నవ్? సిగ్గున్నదా బాపూ నీకు?” అని అందరి ముందే అరిచేశాను.

“తంబాకు గాదే శిరీషా. తీసి సూడు.”

తీశాను. మందు బిళ్లలు! తెల్లవి కొన్ని, గులాబీ రంగువి కొన్ని.

చూడగానే గుర్తుపట్టాను. చికిత్స అయ్యాక జబ్బు తిరగబెట్టకుండా ఈ రెండింటిలో ఏది బాగా కాపాడుతుందో దవాఖానలో పోల్చి చూస్తున్నారు. కొందరికి తెల్లది, కొందరికి గులాబీది. బాపుకి వచ్చింది తెల్లది. గులాబీది బాపు దోస్తు వీరస్వామి కాకది. కాక అదే మెస్సులో రొట్టెలు చేస్తాడు. ముప్పై ఏళ్లు ఇదే డబ్బీలో తంబాకు పంచుకుని ఇద్దరూ ఒకే జబ్బు తెచ్చుకున్నారు.

“కాక బిళ్లలు నీ దగ్గరెందుకున్నయి?”

“రెండు రకాలు ఇద్దరం సగం సగం జేసుకుంటున్నం. ఏది మంచిదో డాక్టరమ్మకే ఇంకా ఎర్క లేదంట. రేపు నాదే మంచిదని తేలితే, ఆడు పోయి నేనొక్కణ్ణే ఉండాల్నా?”

“గివి పప్పు, చారు అనుకున్నరా, కలుపుకొని తినెటందుకు?”

నెత్తి బాదుకుని అక్కడినుంచే డాక్టర్ విజయశ్రీకి ఫోన్ చేశాను. సంగతి చెప్పి, బాపుకి కూడా వినబడేలా స్పీకర్ పెట్టాను.

“రెండూ ఆపేయించండి. ఇద్దర్నీ ఇప్పుడే తీసుకురండి. అలా కలిపి వేసుకుంటే రక్తకణాలు బాగా పడిపోతాయమ్మా! ఎవరికైనా జ్వరం ఉందా?”

బాపు తల దించుకున్నాడు.

“ఆనికి... మూడ్రోజులాయె. జెప్తె మందు బంద్ జేస్తరని జెప్పలే.”

ఆ మాట ఫోన్లో వినబడింది. “ముందు ఆయన దగ్గరికి వెళ్లండి!” అని డాక్టరమ్మ కేకేసింది.

బౌద్ధనగర్‌లో ఆటో దిగేసరికి కాక గది తలుపు తీసే ఉంది. రెండు దుప్పట్ల కింద వణుకుతున్నాడు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, పెదవుల నిండా పుళ్లు. నాకు ఏడుపొచ్చింది, ఇద్దర్నీ కొట్టాలన్నంత కోపమూ వచ్చింది.

కాక కళ్లు తెరిచి బాపునే చూశాడు. ఎప్పుడూ తంబాకుకి చాపినట్టే అరచెయ్యి చాపాడు.

“ఇయ్యాల్టి నా వంతు తెచ్చినవారా?”

డబ్బీ నా పిడికిట్లో ఉంది. బాపు దానివైపు చూడనే లేదు. వంగి కాకని భుజానికెత్తుకున్నాడు.

“లేదురా. ఇయ్యాల ఇద్దరికీ లేదు.”