వీపు మీది వరండా

శనివారం సాయంత్రం కోర్టు నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే, తన వీపు రెండు గజాలు పొడుగైందని సుభాషిణికి తెలుస్తుంది. జాకెట్టు ఎప్పటిలాగే సరిపోతోంది. చేయి వెనక్కి పెట్టి తడిమితే మాత్రం నడుము అందదు. ఇంకాస్త తడుముతుంది. ఇంకా వీపే.

అది ఆమెకు పెద్ద సంగతిగా తోచదు. వేధిస్తున్నది మెడ. నెల రోజులుగా అది ఎడమవైపు తిరగడం లేదు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి కోర్టులో ఇరవై ఆరేళ్లుగా ఆమె సాక్షుల వాంగ్మూలాలు టైపు చేస్తోంది. సాక్షుల బోను ఆమెకు ఎడమ పక్కనే ఉంటుంది.

“సోమవారానికి మెడ తిరగాలమ్మా,” అన్నారు జడ్జిగారు, ఆ మధ్యాహ్నమే. “తిరక్కపోతే రికార్డు రూముకి పంపించేస్తాను. అక్కడ ఎటూ తిరగక్కర్లేదు.”

రికార్డు రూముకి కిటికీ లేదు. అక్కడికి వెళ్లినవాళ్లు రిటైరవడం ఎవరూ చూడలేదు.

ఆదివారం పొద్దున్నే ఆమె సూరపరాజు ఆటసామాన్ల కొట్టుకు వెళుతుంది. గోడ వారగా, ఒంటి నొప్పులకు కింద పెట్టుకుని దొర్లే ఫోమ్ రోలర్లు వరసలో నిలబడి ఉన్నాయి. ఆమె లోపలికి రాగానే ముందున్నది కొద్దిగా పక్కకు జరిగి దారి ఇస్తుంది.

“ఎవరికండీ?” అంటాడు రాజు.

“నాకే.”

“అందరూ అలాగే అంటారండి.” అతను ఒక్కొక్కటీ తట్టి చూపిస్తాడు. “ఈ తెల్లది మెత్తనండి. ఎంతసేపు పడుకున్నా మిమ్మల్నేమీ అడగదు. నీలంది మధ్యరకం. నల్లది గట్టి. బుడిపెలున్నది ఇంకా గట్టి.”

ఆమె బుడిపెలున్నదాన్ని చేతిలోకి తీసుకుంటుంది.

“ఆయ్, మొదటిసారికి అది వద్దండి!”

“నెప్పి పుడితేనే కదా తగ్గేది?”

“గట్టిగా అడిగితే కండ బిగుసుకుపోయి అబద్ధం చెబుతుందండి. కోర్టులో చేసేవారు, మీకు తెలీనిదేముంది?”

ఆమెకు తెలుసు. నీలంది తీసుకుంటుంది. ఎంత పొడవుండాలో చూడాలని రాజు ఆమె మెడ దగ్గర టేపు ఆనించి, వెనక్కి నడుస్తాడు. కొట్టు దాటుతాడు. రోడ్డు దాటుతాడు. “ఇంకా ఉందండీ!” అని వీధి మలుపు నుంచి కేక వినిపిస్తుంది. చాలాసేపటికి కాళ్లకు ఇసుకతో తిరిగి వస్తాడు.

“చివర కనపళ్లేదండి. మధ్యలో వరండా ఏదో తగిలింది. మనది కాదని వచ్చేశాను.” నుదురు తుడుచుకుంటాడు. “బారెడుది పట్టుకెళ్లండి. పొట్టిదైతే ఒక భుజం చెబుతుంటే రెండోది జారిపోతుంది. నడుం మీదా మెడ ఎముక మీదా దొర్లించకండి. నెమ్మదిగా పోనివ్వండి. ఎక్కడ నెప్పో అక్కడ ఆగి ముప్పై లెక్కపెట్టండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి.”

“ముప్పై అయ్యాక?”

“ముప్పై దాకా వచ్చినవాళ్లెవరూ మళ్లీ కొట్టుకి రాలేదండి. అంచేత తెలీదు.”

ఇంటికొచ్చి ఆమె హాల్లో చాప పరుస్తుంది. రోలర్‌ను భుజాల కింద పెట్టుకుని, చేతులు తలకింద చేర్చి, కాళ్లతో నెమ్మదిగా నెడుతుంది. రోలర్ దొర్లుతుంది. పైన తన ఇంటి ఫ్యాను వెళ్లిపోతుంది. వంటింటి పొగచూరిన కప్పు వస్తుంది, అదీ వెళ్లిపోతుంది. కొంత ఆకాశం. కరెంటు తీగల మీద రెండు కాకులు. ఆ తర్వాత పెంకుల కప్పు, దానికి వేలాడే ఆగిపోయిన గడియారం. ఆమె గుర్తు పడుతుంది. అది కోర్టు వరండా.

మొదటి నొప్పి దగ్గర ఆగుతుంది. రోలర్ కింద ఎవరో గొంతు సవరించుకుంటారు.

“నేను ఆ రోజు సైకిల్ మీద వస్తున్నాను. నేను వంతెన దగ్గర గొడవ చూశాను.”

సాక్షి మాట కోర్టు కాగితం మీద ‘నేను’ అనే పడుతుంది. అది పద్ధతి. సాక్షి చెప్పిందంతా విని జడ్జిగారు కుదించి చెబుతారు. ఆమె టైపు చేస్తుంది. నేను కర్ర చూశాను. నేను అతని బావమరిదిని. నేను చదువుకోలేదు. కాగితాలు ఫైళ్లలోకి వెళ్లాయి. మిగతాది ఎక్కడికి వెళ్లిందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ముప్పై లెక్కపెట్టేసరికి సైకిల్ మనిషి చెప్పడం ముగించి, బెంచీ మీంచి లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోతాడు. అక్కడ వీపు మెత్తబడుతుంది.

అలా ఒక్కో బెంచీ. పాలు పోసే మనిషి. గట్టు తగాదాలో పెద్దమనిషి. పెళ్లిలో వంటకు వచ్చి పోట్లాట చూసిన ఆడమనిషి. అందరూ నేనే. కొంతసేపటికి ఆమెకు తికమకగా ఉంటుంది. ఇందులో తన ‘నేను’ ఎక్కడుందో తేల్చుకుందామని గట్టిగా అని చూస్తుంది. “నేను,” అంటుంది. ఆ వెంటనే తన నోటి నుంచే, “వయసు ముప్పై ఎనిమిది, వృత్తి కల్లుగీత,” అని వస్తుంది. ఆమె నోరు మూసుకుని మళ్లీ దొర్లుతుంది.

ఎడమ రెక్క ఎముక పైన, మెడ మొదట్లో, రోలర్ ఒక రాయికి తగిలినట్టు ఆగిపోతుంది. ముప్పై లెక్కపెడుతుంది. కదలదు. మళ్లీ ముప్పై.

“ఎన్నిసార్లు లెక్కెట్టినా నేను లెగను,” అంటుంది కింది నుంచి ముసలి గొంతు. “నాకు సదివి ఇనిపించలేదు.”

“ఎవరమ్మా?”

“వీరాయమ్మనే. పడవ తగలబెట్టిన కేసు. పంతొమ్మిదేళ్లయింది, నన్నింకా పిలవలేదు.”

సుభాషిణికి గుర్తుంది. వాంగ్మూలం అయ్యాక సాక్షికి చదివి వినిపించాలి. సరే అంటేనే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఆ మాట కాగితం అడుగున రాయాలి. ఆ రోజుల్లో ఆమె పని తొందరగా తెమలాలని, పొద్దున్నే వచ్చి ఖాళీ కాగితాలన్నిటి అడుగునా ఆ ఒక్క వాక్యం ముందే కొట్టి పెట్టుకునేది. వీరాయమ్మ ఏడుస్తూ చాలాసేపు చెప్పింది. భోజనాల వేళయింది. సుభాషిణి కాగితం లాగి, ముసలామె బొటనవేలు పట్టుకుని అద్దించింది. అంతే.

“ఇప్పుడు చదువుతాను,” అంటుంది.

రోలర్ కింద చేయి పెడితే కాగితం దొరుకుతుంది. పొద్దున్నే కొట్టి పెట్టుకున్నప్పటిలాగే తెల్లగా ఉంది. అడుగున మాత్రం ఒక్క వాక్యం. సుభాషిణి చదువుతుంది.

“నాకు చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నాను.”

“అది నేనన్నది కాదు కదమ్మా.”

“మీ కాగితమే ఇది.”

“పొద్దున్న కొట్టావు కదా. అప్పటికి నేనింకా ఇంటికాడ గంజి తాగుతున్నాను. ఆ మాట నువ్వన్నదే. ఒప్పుకుంది నువ్వే.”

సుభాషిణి ఆలోచిస్తుంది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. ఇరవై ఆరేళ్ల కాగితాల్లో తను సొంతంగా అన్నది ఆ ఒక్క ‘నేను’ మాత్రమే.

“నేను ఏం ఒప్పుకున్నాను?” అని అడుగుతుంది.

“ఇటు సూస్తే తెలుత్తది.”

“మెడ తిరగదమ్మా.”

“ఎప్పుడన్నా తిప్పావా? బోనులో నించుని నేనేడుస్తుంటే నువ్వు టైపు మిసను కేసే సూశావు.”

సుభాషిణి ఊపిరి వదులుతుంది. మెడను ఎడమకు తిప్పుతుంది. తలుపు గడియ తీసిన చప్పుడవుతుంది. మెడ తిరుగుతుంది, భుజం దాటి ఇంకా తిరుగుతుంది. ఆమె జీవితంలో మొదటిసారి తన వీపును చూస్తుంది.

అది ఖాళీ బెంచీలతో పొడుగ్గా సాగి, చివర ఇసుకలో కలిసిపోయింది. ఇసుక మీద పడవ ఒకటి పొగ లేకుండా కాలుతోంది. పక్కనే ఒక మనిషి వెలిగించిన అగ్గిపుల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు. పంతొమ్మిదేళ్లయినా పుల్ల ఇంకా అయిపోలేదు.

“ఆడి పేరు సెప్పాను ఆ రోజు,” అంటుంది వీరాయమ్మ. “ఇన్నావా?”

అప్పటి జడ్జిగారు కుదించి చెప్పినది వేరు. ఎవరో పోల్చుకోలేకపోయాను, అని చెప్పారు. సుభాషిణి అదే కొట్టింది. చదివి వినిపించి ఉంటే ముసలామె కాదని ఉండేది.

“నేను విన్నాను,” అంటుంది సుభాషిణి. ఈసారి దాని వెనక వయసు రాదు, వృత్తి రాదు. “నేను ఆ పేరు విన్నాను.”

ఆ పేరు పైకి చెబుతుంది. ఇసుకలో ఉన్న మనిషి పుల్ల పడేసి, ఎవరో పిలిచినట్టు ఇటు తిరుగుతాడు.

మెడ మొదట్లో రాయి మెత్తబడుతుంది. వీరాయమ్మ లేచి, చీర దులుపుకుని, ఆమె కింద నుంచి రోలర్‌ను లాగి అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

“దుంగ తెచ్చావా తల్లీ! ముందే సెప్పొద్దూ? దుంగ లేకే కదా పడవ నీళ్లలోకి దిగనిది.”

“అది వీపుకండీ.”

“మరి పడవ ఎక్కడుందనుకున్నావు?”

వెళ్లిపోయిన వాళ్లంతా తిరిగి వస్తారు. సైకిల్ మనిషి, పాలు పోసే మనిషి, పెళ్లి వంటామె. పడవ ముందుకొసైన అణియం కింద నీలం రోలర్ పెట్టి, హైలెస్సా అని తోస్తారు. వెనక రోలర్ బయటపడగానే వీరాయమ్మ దాన్ని పట్టుకుని పరుగెత్తి మళ్లీ ముందు పెడుతుంది. జడ్జిగారు చెప్పులు చేత్తో పట్టుకుని, ఆగిపోయిన గడియారం కింద నిలబడి, సోమవారం అవుతోందని చెబుతున్నారు. ఆయన మాటను ఎవరూ కుదించడం లేదు.

కాలుతున్న పడవ సుభాషిణి వీపు మీదుగా నెమ్మదిగా దొర్లుతుంది. వేడిగా ఉంది, నొప్పి లేదు. మెడ తిప్పి ఆమె దాన్నే చూస్తూ లెక్కపెడుతోంది. ముప్పై అయిపోతుంది. పడవ నీళ్లకు తగులుతుంది, మంట ఆరదు. అలలు ఒక్కొక్కటీ పక్కకు జరిగి దానికి దారి ఇస్తాయి.

ముప్పై ఒకటి, అంటుంది సుభాషిణి.