కాగితం వెనకవైపు

ఓట్ల లెక్క చూసి నాకు మతిపోయింది. ఊరి అంబులెన్సు నడపడానికి వేసే పన్నుకి అవునన్నవాళ్లు నూట నలభై మూడు మంది, కాదన్నవాళ్లూ నూట నలభై మూడు మందే. మా ఒహాయో రాష్ట్రంలో సమానమైతే పన్ను ఓడిపోయినట్టే. అంటే కొత్త సంవత్సరం నుంచి ఊళ్లో అంబులెన్సు ఉండదు. ఎవరికేమైనా అయితే బండి పక్క పట్నం నుంచి రావాలి, నలభై నిమిషాలు.

ఆ అంకెల కింద ఇంకోటుంది, దాన్ని చూస్తే కడుపు మండిపోయింది. యాభై ఎనిమిది. అంతమంది కాగితం ముందువైపు అధ్యక్షుడి గడి నింపేసి, పన్ను ప్రశ్న ఉన్న వెనకవైపు తిప్పకుండానే యంత్రంలో పెట్టి పోయారు. టీవీలో రెండేళ్లుగా అరుచుకుంటున్నవాళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ మావాళ్లకి తెలుసు. సొంత ఊరి అంబులెన్సు ఏ వైపుందో తెలీదు.

నిన్న ఫైర్ స్టేషన్లో ఓటు కాగితాలు అందించింది నేనే. "రెండు వైపులా ఉంది, తిప్పి చూడండి" అని పొద్దున్నుంచీ నోరు నొప్పెట్టేలా చెప్పాను. "మేమూ బళ్లో చదువుకున్నాంలే లొరీన్" అని వెక్కిరించిపోయారు.

ఆ లెక్క రాసుకొచ్చిన చీటీని వంటింటి బల్లమీద పడేశాను. నా మొగుడు వెర్లిన్ గుడ్లు తింటున్నాడు. పోయిన ఫిబ్రవరిలో ఆవుల కొట్టంలో గుండె పట్టుకుని కూలిపోతే అంబులెన్సు తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. లేకపోతే ఈ గుడ్లు తినేవాడు కాదు. గుండెపోటు మళ్లీ రావచ్చని డాక్టరు చెప్పాడు కూడా. అందుకే రెండు నెలలు కాళ్లరిగేలా ఇల్లిల్లూ తిరిగి పన్నుకి అవునని వెయ్యమని బతిమాలాడు. అరవై ఆరేళ్లలో మొదటిసారి ఓటు వేశాడు.

"పోయింది వెర్లిన్. ఒకే ఒక్క ఓటు తక్కువై పోయింది!"

"కాదన్నదెవడు? ఆ పన్నులంటే పడని ఓర్విల్ గాడేనా?"

"ఓర్విల్‌ని వదిలెయ్. వాడు కనీసం కాగితం తిప్పాడు. యాభై ఎనిమిది మంది దద్దమ్మలు తిప్పనే లేదు!"

నమలడం ఆపేశాడు.

"తిప్పడమా? వెనక కూడా ఉందా?"



"నువ్వు కూడానా? రెండు నెలలు తిరిగిన మనిషివి, అదెక్కడుందో వెతుక్కోవద్దూ?"

"వెతికాను లొరీన్. కనబళ్లేదు. నిన్నడుగుదామనుకున్నా. నీ ముందు అంత వరుస ఉంది. ఇంత వయసొచ్చి ఓటెక్కడుందో తెలీదంటే నవ్వరూ?"

తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న అతని చేతికి కాగితమిచ్చింది నేనే. ఓర్విల్‌తో సహా ఊరందరికీ చెప్పిన ఆ ఒక్క మాట అతనికి చెప్పలేదు. ఇదంతా నెత్తినేసుకుని తిరిగినవాడికి తెలియదా అనుకున్నాను. ఇంటికెళ్లేటప్పుడు పాలు పట్టుకెళ్లమని మాత్రం చెప్పాను.

పాలు మర్చిపోకుండా తెచ్చాడు.