వెనక సీటు మీది అద్దం

మా విమానానికి రెండు సీట్లు. ముందు నేను, వెనక గోపాలకృష్ణ. ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ అదే మాట. నల్లపాడు దగ్గర ఖాళీగా పడున్న మిర్చి గోడౌనులో, తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ, రెక్కలూ తోకా ఇద్దరమే బిగించాం. వాడి నడుంనొప్పి కోసం వెనక సీటుకి మెత్త కూడా కుట్టించాను.

ఇక మిగిలింది రెండు సీట్లనీ కప్పే అద్దం. అద్దమంటే గాజు కాదు, యాక్రిలిక్ షీటు. వేడిచేస్తే తడి దుప్పటిలా వాలిపోతుంది. చల్లారేలోపు చెరో కొసా పట్టుకుని చెక్క అచ్చు మీద లాగాలి. అంత పెద్ద షీటుకి ఇద్దరు మనుషులు కావాలి.

ఆ రెండో మనిషే కరువయ్యాడు. గోపి పురుగుమందు కొట్టే డ్రోన్లు కొన్నాడు. ఇప్పుడు పొదిలి దాకా ప్రతి మిర్చి చేనూ వాడిదే.

"ఆదివారం వస్తా వలీ, ఒట్టు," అనేవాడు ఫోన్లో. ఆదివారం వచ్చేది, వాడు వచ్చేవాడు కాదు. రెండు టీలు తెప్పించి రెండూ నేనే తాగేవాణ్ణి.

రేకుల గోడౌనులో ఎండకి షీటు వంగిపోతుందేమోనని భయమేసింది. నేను పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో, మెషిన్ల దగ్గర. పాడవకూడని దేన్నయినా మా వాళ్లు అక్కడే పెడతారు. మిర్చి బస్తాలు, చింతపండు, ఓనరుగారింటి పెళ్లి స్వీట్లు. షీటునీ ఆ బస్తాల మధ్యే నిలబెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక ఆదివారం గోపి నిజంగా బయల్దేరానన్నాడు. పొంగిపోయి షీటు తెచ్చేశాను. వాడొచ్చేలోపు అంచులు కోసి ఉంచుదామని, దాని మీది చెమ్మ తుడిచి రంపం మిషను పెట్టాను. చలికి అది పెళుసెక్కిందని నాకేం తెలుసు? టప్పుమంది. వెనక సీటు మీదికొచ్చే భాగంలో పగులు అడ్డంగా పాకింది.

కూలబడి ఏడ్చాను. మిర్చి ఘాటని చెప్పుకోవడానికైనా పక్కన మనిషి లేడు.

అప్పుడే ఫోను మోగింది.

"ఒరేయ్ వలీ, ఏమనుకోకురా. దార్లో ఒక రైతు ఆపేశాడు. తామర పురుగంట, ఇయ్యాళ మందు కొట్టకపోతే చేను పోద్దంట. వచ్చే ఆదివారం మాత్రం..."

"సరేలేరా," అన్నాను. వాణ్ణి తిట్టాలని కూడా అనిపించలేదు. అందుకే భయమేసింది.

షీటుని సాయంత్రం దాకా వేడి పట్టనిచ్చి, పగులున్న భాగం మొత్తం కోసి తీసేశాను. మిగిలింది ముందు సీటుకి సరిపోయింది. వేడిచేసి, చేతి తొడుగులేసుకుని, ఒక్కణ్ణే అచ్చు మీద లాగాను. చిన్న ముక్క కదా, సాయం అక్కర్లేకపోయింది. వెనక సీటుని రేకుతో మూసేశాను.

తర్వాతి ఆదివారం గోపి వచ్చాడు. వస్తూనే తొడుగులేసుకుని, "ఏదిరా నేను పట్టుకోవాల్సిన కొస?" అన్నాడు.

విమానం చూపించాను. చుట్టూ తిరిగి, వెనక రేకు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"మరి నేనెక్కడ కూర్చోవాలిరా?"

రేకు బిగించే ముందు తీసి దాచిన సీటు మెత్తను వాడి చేతికిచ్చాను.