ఒకే లైన్‌లో రెండు బండ్లు

మా అమ్మ స్వర్ణలత మౌలాలి దగ్గర రైలు పట్టాలు తనిఖీ చేస్తుంది. భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండాతో రోజూ ఆరు కిలోమీటర్లు నడక. మోకాళ్లు అరిగిపోయాయి. కూర్చుని చేసే ఆఫీసు పనికి మారాలంటే డిపార్ట్‌మెంట్ పరీక్ష పాసవ్వాలి. రెండుసార్లు లెక్కల్లోనే తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

నేను ఇంటర్ చదువుతున్నాను. లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరని నాకు గట్టి నమ్మకం. అందుకే పాఠం చెప్పడానికి నేనే కూర్చున్నాను.

"గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో ఒక రైలు బయల్దేరింది. గంట తర్వాత అదే స్టేషన్ నుంచి, అదే దారిలో ఇంకోటి అరవైతో బయల్దేరింది. ఎంతసేపటికి మొదటిదాన్ని అందుకుంటది?"

"అందుకోదు," అంది అమ్మ. "ముందు బండి పోతుంటె ఎనుక బండికి సిగ్నల్ ఎవడిస్తడే? ముందుదాన్ని పక్క లైన్ల ఆపుతరు. లేకుంటె గుద్దుకుంటయ్."

"పోయినసారి పరీక్షల ఏం రాసినవ్?"

"గదే రాసిన. ప్రమాదం జరుగును, అని."

నాకు తల బాదుకోవాలనిపించింది. "అమ్మా, ఇది లెక్క! నిజం బండి కాదు," అని అరిచాను.

"బండంటే బండే!" అమ్మ నాకన్నా గట్టిగా అరిచింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పుస్తకం మూసి, మోకాలు పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆమె లేచిన తీరు చూసి నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా బండ్లకు ఏమీ కాకుండా చూడడమే ఆమె పని. ఆ లెక్క ఆమె చేతికి ఎలా వస్తుంది?

వెనకాలే వెళ్లాను. "ఎక్స్ ఎంతో మనకు తెల్వదు. అయినా ఎక్స్ అనుకుందాం అని షురూ చేస్తం గద? నీకేం గావాల్నో అది సుత అనుకో. రెండు లైన్లు ఉన్నయనుకో."

పప్పులో గరిటె ఆగింది. "గట్ల అనుకోవచ్చా?"

"అనుకోవచ్చమ్మా."

పొయ్యి తగ్గించి వచ్చి కూర్చుంది. రెండో బండి నడిచింది x గంటలు, మొదటిది ఒక గంట ఎక్కువ. రెండూ పోయిన దూరం ఒక్కటే. 60x = 40(x + 1). రెండు గంటలని అమ్మే తేల్చింది.

పరీక్ష రాసొచ్చిన నెలకు పాసైనవాళ్ల జాబితాలో అమ్మ పేరు కనపడింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పరీక్షలో ఏం లెక్క ఇచ్చారో అడిగే ధైర్యం అప్పుడుగానీ రాలేదు.

"ఒక్క దారిల ఎదురెదురు బండ్లు ఇచ్చిండ్రు. జెర పరేషాన్ అయిన. డబుల్ లైన్ అనుకుందాం అని ముందుగాల రాసిన. అటెన్కనే ఎక్స్ అనుకున్న."

"జవాబు?"

"గంటన్నర. ఒకదాన్నొకటి దాటుకొని పోయినయ్," అంది అమ్మ. "ఒక్కలకు సుత ఏం గాలే."