చెప్పులేసుకునేటప్పటి మాట

నేను ఒక బల్లగంటను. ఇత్తడి బుర్ర, నెత్తిన చిన్న మీట. నొక్కితే "ట్రింగ్" అంటాను, అంతకు మించి నాకు చదువు లేదు. అయినా బొబ్బిలిలో ఒక ఆస్పత్రి బల్ల మీద ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాను కనుక, డాక్టర్లకు వినపడని సంగతులు నాలుగు నాకు తెలుసు.

నన్ను పోతపోసినవాడు సర్కారు కచేరీల కోసం చేశాడు. మొదట ఒక తాలూకా ఆఫీసులో పడ్డాను. అక్కడ నేను మోగితే బంట్రోతు తప్ప అందరూ ఉలిక్కిపడేవారు. పాత సామాను వేలంలో డాక్టర్ కామేశం గారు నన్ను కొన్నారు. కొన్నారన్న మాటే గానీ, ఒక్కనాడూ నొక్కిన పాపాన పోలేదు. మందుచీటీలు ఎగిరిపోకుండా నన్ను వాటి మీద బరువుగా పెట్టేవారు, అంతే.

మా వైపు జనం గది బయట చెప్పులు విడిచి లోపలికొస్తారు. తలనొప్పంటారు, నిద్ర పట్టడం లేదంటారు, మధ్యలో గేదె ఈనిందంటారు. అసలు మాట మాత్రం వెళ్ళేటప్పుడే వస్తుంది. ఒక కాలు చెప్పులో పెట్టి, "బాబూ, ఇంకో మాట" అని మొదలెడతారు. ఈ గుట్టు కామేశం గారికి తెలుసు. చీటీ రాసిచ్చాక లేచి, రోగితోపాటు గడప దాకా వెళ్ళి నిలబడేవారు. సగం రోగాలు ఆయనకు అక్కడే దొరికేవి.

ఆయన పోయాక మేనల్లుడు శశిభూషణ్ గారొచ్చారు. బోర్డు మీద పేరు కన్నా డిగ్రీలు పొడుగు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, మా ఆస్పత్రిలో అది అక్షరాలా జరిగింది. అందరూ చిన్నాయన అనే ఈ కొత్త డాక్టరు చీటీ మీద ఆఖరి గీత గీస్తూనే ఎడమ చేత్తో నన్ను నొక్కేవారు. ట్రింగ్! పాత రోగి గడప దాటకముందే కొత్త రోగి వచ్చి స్టూలెక్కేవాడు. ఆహా, ఏమి వేగం! ఆ వేగానికి జడిసి రోగాలు కూడా లోపల్లోపలే దాక్కునేవి.

ఒకరోజు సూరీడమ్మ వచ్చింది. సంతలో ఎండుచేపలమ్మే మనిషి. మోకాలు నొప్పంది. చెప్పేది మోకాలు, కానీ ఎడమ చెయ్యి పైట కింద రొమ్మును అదిమిపట్టుకుని ఉంది. ఇత్తడి బుర్రను, నాకే కనిపించింది. చదువుకున్నాయన కదా, ఆయనకు కనపడలేదు. మోకాలు చూసి చీటీ రాశారు. ఆమె గడప దగ్గర చెప్పులో కాలు పెట్టి, "బాబూ, ఇంకో మాట..." అంది.

ట్రింగ్! ఒక మగమనిషి దర్జాగా లోపలికొచ్చేశాడు. ఆమె నోరు మూసుకుని వెళ్ళిపోయింది. నెల తర్వాత మళ్ళీ అదే మోకాలు, మళ్ళీ అదే ట్రింగ్. పైటకిందున్నదేదో గానీ అది ఊరుకోదని నాకు భయం పట్టుకుంది. ఆమె గొంతు నొక్కుతున్నది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడోసారి ఆమె వచ్చిన రోజు దేవుడు చల్లగా చూసి నా స్ప్రింగు తెంపాడు. చిన్నాయన నొక్కారు. టక్. మళ్ళీ నొక్కారు. టక్. బెంచీ మీద ఒక్కరూ కదల్లేదు. గడప దగ్గర సూరీడమ్మ, ఒక కాలు చెప్పులో.

"బాబూ, ఇంకో మాట. ఇక్కడ గడ్డలాగుంది."

ఆయన చెయ్యి నా మీదే ఆగిపోయింది. "ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మొదటిపాలి మోకాలని వొచ్చినప్పుడే ఉంది బాబూ. సెప్దామనే వొచ్చినాను. తమరు గంట కొట్టేసినారు."

ఆయన నర్సును పిలిచి, తెర లాగి, పరీక్ష చేశారు. బయటికొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తనే ఫోన్ చేసి, ఉత్తరం రాసిచ్చి పంపారు. ఆమె వెళ్ళాక నా వైపు ఒక చూపు చూశారు, ఇన్నాళ్ళూ నన్ను నేనే నొక్కుకున్నట్టు! అత్త మీద కోపం దుత్త మీద. తీసి సొరుగులో పడేశారు.

ఆర్నెల్లకు సొరుగు సందులోంచి ఆమె గొంతు వినపడింది. ఆపరేషనైందట, జుట్టంతా పోయిందట, అయినా బతికి బయటపడిందట. వింటుంటే నా ఇత్తడి చల్లబడింది. తర్వాత మోకాలని చెప్పింది. చీటీ చింపిన చప్పుడైంది. వెంటనే బల్ల మీద నేనుండే చోట ఒక అరచెయ్యి టప్‌మని పడింది. పాత అలవాటు, ఎక్కడికి పోతుంది!

కుర్చీ వెనక్కి జరిగింది. అడుగులు గడప దాకా వెళ్ళి ఆగాయి.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?"

"ఏటీ నేదు బాబూ," అంది సూరీడమ్మ. "ఈపాలి నిజంగా మోకాలే."