బీరువా విప్పిన ఫొటోలు

వడ్రంగికి తనదంటూ ఒక పద్ధతి ఉంది. ఏ బీరువా విప్పాల్సి వచ్చినా, అతుకు అతుకుకీ ఫొటో తీశాకే సుత్తి పట్టుకుంటాడు. మళ్ళీ బిగించేటప్పుడు ఆ ఫొటోల్ని చివర్నుంచి మొదటికి చూసుకుంటూ పోతాడు. ఫోన్ నిండినప్పుడల్లా వాటిని మెసేజ్‌లో ఇంట్లోని కంప్యూటర్‌కి పంపించి, ఫోన్లోంచి తుడిచేస్తాడు.

ఆ కంప్యూటర్‌నే నిన్న వాళ్ళావిడ శుభ్రం చేసింది.

"చెక్కలు, కన్నాలు, మేకులు! పెళ్ళయినప్పట్నుంచీ నా ఫొటోలు ఇన్ని తీశారా మీరు? చోటు లేదని అది ఒకటే మొత్తుకుంటుంటే తీసేసి, దాని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను" అంది, తప్పేముందన్నట్టు.

వడ్రంగి కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తి వెతికాడు. ఒక్కటీ లేదు. దర్జీ ఆవిడ కొత్త కొట్లో, అక్కడికి మార్చడానికి తను విప్పిన ఆమె తాతల నాటి బీరువా ముక్కలు ముక్కలై నేలమీద పడుంది. రేపు పొద్దున్నే కొట్టు తెరవాలి. బట్టలన్నీ మూటల్లోనే ఉన్నాయి. సాయంత్రానికి బీరువా నిలబడకపోతే ఆ వీధిలో మళ్ళీ తనని పనికి పిలిచేవాళ్ళుండరు.

"నీకు చెక్కకీ చెత్తకీ తేడా తెలీదే!" అని నోరు జారాడు. ఆవిడ వంటింట్లోకి పోయి గిన్నెల మీద కోపం తీర్చుకోసాగింది.

కబురందుకుని మరదలు వచ్చింది. ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే పిల్ల. కంప్యూటర్లో ఉన్నవాటికి నకళ్ళు దాచే బ్యాకప్ డిస్క్ బావ చేత కొనిపించి తగిలించిందీ తనే.

"ఏడుపు మొహం పెట్టకు బావా. మొన్నటిదాకా ఉన్నవన్నీ డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. వెనక్కి తెచ్చేద్దాం."

"అయితే నొక్కెయ్ మరి!"

"ఆగు. పాత ఫొటోల లైబ్రరీని తెచ్చి ఇప్పుడున్న దాని మీద పడేస్తే, నిన్న అక్క ఎక్కించుకున్న ఫొటోలు ఎగిరిపోతాయి. ఆ తర్వాత నీకు అన్నం పెట్టేదెవరు? పక్కన వేరే ఫోల్డర్లోకి తెస్తా."

తెర మీద గీత ఒకటి నింపాదిగా పాకింది. అది కొసకి చేరేదాకా వడ్రంగి కుర్చీ అంచునే కూర్చున్నాడు. ఫొటోలు వచ్చాయి గాని, సంబరం ఎంతోసేపు నిలవలేదు. మెసేజ్‌లో పంపినవి కావడంతో తీసిన తేదీలు ఎప్పుడో ఊడిపోయాయి. ఇప్పుడు అన్నిటికీ ఇవాళ్టి తేదీయే పడింది. ఏడాదిగా విప్పిన బీరువాలు, మంచాలు, బల్లలు కలగాపులగమై కూర్చున్నాయి.

"ఇందులో నీ బీరువా ఏది బావా?"

"అన్నీ నావే!" అన్నాడు బిక్కమొహంతో. "ఈ కన్నం దానిదే అనుకుంటా. కాదు కాదు, మంచానిది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "అది మంచమూ కాదు, మన్నూ కాదు. చెప్పుల స్టాండు!"

"నీకెలా తెలుసక్కా?"

"మన మొహాలున్నవి ఎక్కడ పోతాయోనని ఒక్కొక్కటీ తెరిచి చూశాకే తీసేశాను. రాత్రంతా కళ్ళు మూస్తే మేకులే!"

మరదలు బావని మోచేత్తో పొడిచింది. "వెళ్ళు బావా. ఇక ఇది నా చేతిలో పని కాదు."

వడ్రంగి వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అది కాదే..."

"చెక్కకీ చెత్తకీ తేడా తెలీనిదాన్ని. నాతో ఏం పని?"

"తెలీనిది నాకే, ఒప్పుకుంటున్నా. నోటి దురద. రావే, పరువు పోయేలా ఉంది."

ఆవిడ కాసేపు బెట్టు చేసి, చేతులు తుడుచుకుంది. "మీ పరువు కోసం కాదు. పాపం, ఆ దర్జీ ఆవిడ కోసం."

మరదలు ఫోల్డర్‌ని ఫోన్లోకి ఎక్కించి ఇచ్చింది. దర్జీ కొట్లో స్టూలు మీద కూర్చుని వాళ్ళావిడ ఒక్కో ఫొటో వెతికి చూపిస్తుంటే వడ్రంగి బిగించుకుంటూ పోయాడు. నిన్న కంప్యూటర్లో చివర వచ్చిన ఫొటోయే ముందు కనిపించింది కాబట్టి, తీసేసేటప్పుడు ఆవిడ చూసిన వరసే బిగించాల్సిన వరస.

"మీ బొటనవేలు పడింది ముందు. తర్వాత మసి మచ్చ ఉన్న పలక. అది కాదండీ, దాని పక్కది!"

అడుగు కుదిరింది, అరలు ఎక్కాయి. పై వరసకి వచ్చేసరికి ఆవిడ ఆగింది. "ఇక్కడ ఫొటో ఒకటి తక్కువైంది. ఈ పలకది."

"చూశావా! అదే నువ్వు..."

"నేను తీసేసినవన్నీ తిరిగొచ్చాయి. ఇది రాలేదంటే మీరు అసలు తీయనే లేదు."

వడ్రంగికి చప్పున గుర్తొచ్చింది. బీరువా విప్పిన రోజు సరిగ్గా ఆ అతుకు దగ్గరే టీ వచ్చింది. తాగేసి, ఫొటో తీశాననుకుని నేరుగా సుత్తి అందుకున్నాడు.

పలకని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తలకిందులు చేసి ఒక్కటిస్తే టక్కున గాడిలో కూర్చుంది.

దర్జీ ఆవిడ తలుపు మూసి చూసింది. కిర్రుమనలేదు. "బాగుందయ్యా! ఎక్కడా పొరపాటు పడలేదు."

"ఒక్కచోట పడ్డారులెండి" అంది వాళ్ళావిడ.

వడ్రంగి విననట్టే నిచ్చెనెక్కి, ఆ అతుకుకి ఫొటో తీసుకుంటున్నాడు.