చెయ్యి ఎంత లేవాలి

యంత్రం ఆగింది. అత్త మూత తీసి, మెలిపడిపోయిన తడి దుప్పట్లను బయటికి లాగుతోంది. ఆసుపత్రులవి, హోటళ్లవి, ఎవరెవరో పడుకుని లేచినవన్నీ ఈ రేకుల షెడ్డులోనే ఉతుకుతారు. పొద్దుట్నించీ నిలబడే ఉంది, తల ప్రాణం తోకకొస్తోంది. పై దండెం మీద వెయ్యాల్సినవి మాత్రం కోడలే వేస్తుంది. అత్త కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా ఇద్దరూ నెట్టుకొస్తున్నారు.

ఆ మాటకొస్తే అక్కడ అందరూ ఏదో ఒకటి దాచుకుంటున్నవాళ్లే. ఆ షెడ్డులో ఆరోగ్యమంటే పనిలోకి రాగలగడం. నొప్పి అనేది ఇంటికెళ్లాక పడాల్సిన సంగతి.

అలాంటి చోటికి, గోరుచుట్టు మీద రోకటిపోటులా, కొలతల పిల్ల వచ్చింది. ఏదో పెద్ద చదువు చదువుతోందట. గోడకు కొలబద్ద అంటించింది. పిడికిట్లో పట్టి నొక్కే పరికరం ఒకటి బల్ల మీద పెట్టింది.

"పసిపిల్లల దగ్గర్నుంచి పండుముసలి దాకా, ఏ జబ్బూ నొప్పీ లేనివాళ్ల సత్తువ ఎంతుంటుందో, చెయ్యి ఎంత పైకి లేస్తుందో కొలుస్తున్నామండీ," అని అందరికీ చెప్పింది. "రేపెవరైనా చెయ్యి లేవట్లేదని ఆసుపత్రికొస్తే, డాక్టర్లు ఈ కొలతలతో పోల్చి చూస్తారు. నొప్పులున్నవాళ్లు మాత్రం చెప్పెయ్యండి. వెళ్లి ఆ బెంచీ మీద కూర్చోవచ్చు."

సూపర్‌వైజరు నవ్వాడు. ఆడవాళ్లు అతన్ని చాటుగా గడియారం అంటారు. "కూర్చోండమ్మా, కూర్చోండి. బెంచీ మీద కూర్చున్నవాళ్లు రేపట్నించి ఇంట్లోనే కూర్చోవచ్చు."

బెంచీ ఖాళీగానే ఉండిపోయింది. ఒక్కొక్కరే వెళ్లి కొలతలిచ్చి, మళ్లీ పనిలో పడుతున్నారు.

అత్త వంతు వచ్చింది. "నొప్పులేమైనా ఉన్నాయా అమ్మా?"

"నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నా."

పళ్ల బిగువున చెయ్యెత్తింది. నడుం ఓ పక్కకి వంచి చూసింది. ఎన్ని తిప్పలు పడ్డా చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది. దొరికిపోయాననుకుంది. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

కొలతల పిల్ల రాసుకుంది. "కంగారు పడకండమ్మా, మీ వయసుకి ఇది మామూలే. ఇక్కడ మీ ఈడువాళ్లందరికీ ఇంచుమించు ఇంతే లేస్తోంది."

"బతికిపోయాం అత్తయ్యా," అని కోడలు గొణిగింది.

అత్తా ముందు అలాగే అనుకుంది. పక్కకు తప్పుకోబోతూ కోడలి మణికట్టు వంక చూసింది. రాత్రుళ్లు ఆ చేతికి కాపడం పెట్టేది తనే. కోడలికీ ఓనాటికి తన ఈడు వస్తుంది. చెయ్యి లేవట్లేదని ఏ డాక్టరు దగ్గరికో పోతుంది. మీ వయసుకి మామూలేనమ్మా, వెళ్లి పని చూసుకోండి అంటాడు. అలా అనడానికి, ఇవాళ తను ఇచ్చిన ఈ కొలతే అతనికి సాక్ష్యం.

వెనక్కి తిరిగింది. "నా లెక్క కొట్టెయ్ తల్లీ."

"అదేంటమ్మా?"

"అందరికీ ఇంతే లేస్తోందంటే అందరి భుజాలూ పోయాయని. ఇది మామూలు కాదు. నాకు నొప్పి ఉంది. ఏళ్ల తరబడి ఉంది."

గడియారం గబగబా ముందుకొచ్చాడు. "ముసలమ్మ చాదస్తం మేడమ్, మీరు రాసుకోండి. ఏమ్మా, ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు."

"ఆ ఒంటి సంగతే మాట్లాడుతున్నా బాబూ."

వెళ్లి బెంచీ మీద కూర్చుంది. చేసిన పనికి భయం వేసింది, కానీ లేవలేదు.

ఇక కోడలి వంతు. "మీకేమైనా నొప్పులున్నాయా?"

బెంచీ మీంచి అత్త కళ్లతోనే వద్దని చెప్పింది. ఇద్దరూ కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. కోడలు తల దించుకుని, "ఏం లేవు," అంది. పరికరం అందుకుని పెదవి కొరుక్కుంటూ నొక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొలతల పిల్ల కలం పట్టుకుని, రాయాలో వద్దో తేల్చుకోలేక నిలబడిపోయింది.

ఎప్పుడో కొలతలిచ్చేసి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లిపోయిన పెద్దావిడ, చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. గడియారం ఏదో అరుస్తున్నాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. నడుం పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చింది.

"కాస్త జరుగు వదినా," అంది.